లాబ్రడార్ ఉన్న ఇంట్లో బొచ్చు తీయడానికి ముందుగా ఏ పనిముట్లు కొనాలి?

మియాపూర్_ఇల్లాలు:

సభ్యులందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది, లేత పసుపు రంగుది. నేలంతా టైల్స్. హాల్లో ముదురు నీలం రంగు గుడ్డ సోఫా, ఒక తివాచీ ఉన్నాయి. పనమ్మాయి పొద్దున మెత్తటి చీపురుతో ఊడ్చి వెళ్లిన గంటకే ఫ్రిజ్ కింద, తలుపుల వెనుక, మంచం కోళ్ల దగ్గర బొచ్చు మళ్లీ ఉండలు కట్టి కనిపిస్తోంది. సోఫా మీద కూర్చుని లేస్తే చీరకు అంటుకుంటోంది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది కాబట్టి ఈ సంగతిని ఇక వాయిదా వేయదలచుకోలేదు. మొత్తం మీద పది వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలం. దుకాణంలో 2,000 వాట్ల వ్యాక్యూమ్ క్లీనర్ చూపించి, ఇదొక్కటి ఉంటే ఇంకేమీ అక్కర్లేదన్నారు. దానితోనే మొదలుపెట్టాలా, లేక అంతకంటే ముందు కొనవలసినవి ఉన్నాయా? కారు వెనుక సీటు కూడా ఇదే పరిస్థితిలో ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

రెండు_పిల్లుల_ఇల్లు:

నమస్కారం అండీ. గుడ్డ సోఫాకు ముందుగా కావలసింది రబ్బరు. వ్యాక్యూమ్ క్లీనర్ ఆ తరువాతి మాట. గుడ్డలో చిక్కుకున్న బొచ్చును గాలి మాత్రమే పీల్చి బయటకు తీయలేదు, ఎందుకంటే వెంట్రుక పైన కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి, అవి నేత పోగుల మధ్య పట్టుకుంటాయి. ముందు ఆ పట్టు వదలాలి. రబ్బరు గుడ్డకు గట్టిగా రాసుకుంటుంది కాబట్టి ఆ పని అది చేస్తుంది.

అంట్లు తోముకునే రబ్బరు చేతి తొడుగును కొద్దిగా తడిపి, నీళ్లు కారకుండా దులిపి, సోఫా వీపు దగ్గర మొదలుపెట్టి మీ వైపుకు ఒకే దిశలో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు, అలా రుద్దితే లేచిన బొచ్చు మళ్లీ లోపలికి దిగబడుతుంది. నాలుగైదు సార్లు లాగేసరికి బొచ్చంతా పత్తి వత్తిలా చుట్టుకుని సీటు అంచుకు చేరుతుంది, అప్పుడు చేత్తో తీసి పారవేయవచ్చు. తివాచీకి మన స్నానాల గదిలో నీళ్లు తోసే వైపరే సరిపోతుంది. దాని కర్ర పొడుగు కాబట్టి నడుం వంచనక్కర్లేదు. తివాచీ కోసం విడిగా కొత్త వైపర్ ఒకటి పెట్టుకోండి, స్నానాల గదిది వాడకండి. ఈ రెండింటికీ కలిపి మూడు నాలుగు వందలు దాటదు. నేను విశాఖలో ఉంటాను. ఇక్కడి తేమకు పరదాలు, సోఫాలు ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉండి బొచ్చును వదలవు. అయినా రబ్బరు ముందు నిలవదు.

జిగురు కాగితపు రోలర్ మాత్రం బయటికి వెళ్లే ముందు బట్టల మీద వాడుకోవడానికే మంచిది. సోఫా అంతటికీ వాడితే చుట్టలకు చుట్టలు అయిపోతాయి, కాగితం ఖర్చు ప్రతి నెలా తగులుతుంది. అంతకంటే, మఖమల్ లాంటి గుడ్డ అతికించి ఉండి, ముందుకూ వెనక్కూ తోస్తే బొచ్చును తన పెట్టెలోకి లాక్కునే రోలర్లు వస్తున్నాయి. వాటికి కాగితం అక్కర్లేదు. బిగుతుగా పరచిన దుప్పటి మీద, పరుపు మీద అవి చక్కగా పని చేస్తాయి, వదులు గుడ్డ మీద పని చేయవు.

పశువైద్యం_చదివినవాడు:

పై సభ్యురాలి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే అసలు పని ఇంకొక మెట్టు ముందు మొదలవుతుంది. నేల మీద పడిన వెంట్రుకను ఏరడం కంటే, పడబోయే వెంట్రుకను కుక్క ఒంటి మీదే పట్టుకోవడం ఎంతో తేలిక. అందుకే పది వేలలో మొదటి ఐదారు వందలు కుక్కను దువ్వే సాధనాలకే కేటాయించమని చెబుతాను.

లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన నీటిని లోపలికి దిగనివ్వని బిరుసు వెంట్రుకలు, కింద ఒత్తుగా, మెత్తగా ఉండే బొచ్చు. మీ ఫ్రిజ్ కింద ఉండలు కట్టేది చాలావరకు ఆ కిందిపొరే. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, పొమెరేనియన్, మన ఇళ్లలో పామ్ అని పిలుచుకునే తెల్ల స్పిట్జ్, ఇవన్నీ ఇలా రెండు పొరల బొచ్చు ఉన్నవే. బొచ్చు రాలే కాలాన్ని ప్రధానంగా పగటి పొడవు నిర్ణయిస్తుంది. రాత్రి పొద్దుపోయేదాకా దీపాల వెలుగులో, ఎయిర్ కండిషనర్ చల్లదనంలో ఉండే జంతువుకు ఆ లెక్క చెదిరి, ఒక కాలమంటూ లేకుండా ఏడాది పొడుగునా కొంత కొంత రాలుతూనే ఉంటుంది. కాబట్టి వేసవి దాటితే తగ్గుతుందని ఎదురుచూడకండి.

మీ కుక్కకు రెండు పనిముట్లు చాలు. మొదటిది పొట్టి, మందపాటి రబ్బరు పళ్లున్న బ్రష్. దీన్ని గుండ్రంగా తిప్పుతూ ఒళ్లంతా రుద్దితే చచ్చిన వెంట్రుకలు పైకి లేస్తాయి, చాలా కుక్కలు దీన్ని ఇష్టంగా చేయించుకుంటాయి. రెండోది కిందిపొరను లాగే సాధనం. ఇందులో రెండు రకాలు. పొడవాటి లోహపు పళ్లతో వరుసగా ఉండేదాన్ని అండర్ కోట్ రేక్ అంటారు, ఇది హస్కీ, షెపర్డ్, స్పిట్జ్ వంటి పొడుగు బొచ్చుకు. సన్నని పళ్ల అంచుతో కత్తి బద్దలా ఉండేదాన్ని డీషెడ్డింగ్ టూల్ అంటారు, ఫర్మినేటర్ అనే బ్రాండు ఈ కోవలోనిదే. లాబ్రడార్ పొట్టి బొచ్చుకు ఇది సరిపోతుంది కానీ, వారానికి ఒకసారికి మించి వాడకండి, ఒకే చోట పదే పదే లాగకండి, నొక్కకండి. అలా చేస్తే పై వెంట్రుకలు తెగిపోయి చర్మం కందుతుంది. వెన్నెముక, మోకీళ్లు, పొట్ట కింది భాగం మీద అసలు బరువు వేయకూడదు.

సన్నని వంకర తీగలున్న స్లికర్ బ్రష్‌ను చాలామంది అన్ని కుక్కలకూ కొంటారు. అది పొడవాటి, చిక్కుపడే బొచ్చుకు ఉద్దేశించినది. కొనేముందు దాన్ని మీ ముంజేతి లోపలి వైపు తేలికగా లాగి చూడండి. గీతలు పడి మంట పుడితే ఆ తీగలు కుక్కకూ గుచ్చుకుంటాయి. వీధిలోంచి తెచ్చి పెంచుకునే మన నాటు కుక్కలకు చాలావాటికి పల్చని పొట్టి బొచ్చే ఉంటుంది కాబట్టి వాటికి రబ్బరు బ్రష్ ఒక్కటే చాలు, డీషెడ్డింగ్ టూల్ అక్కర్లేదు. షీట్జూ, పూడుల్ వంటివి పెద్దగా రాల్చవు, వాటితో వచ్చే ఇబ్బంది చిక్కు కాబట్టి దువ్వెన కావాలి. పర్షియన్ పిల్లికి ఎడంగా పళ్లున్న ఉక్కు దువ్వెన ముఖ్యం. పిల్లి తనను తాను నాకుకుంటూ మింగే బొచ్చు కడుపులో ఉండలు కడుతుంది కనుక, దువ్వడం ఇల్లు బాగుండటానికే కాదు, దాని ఆరోగ్యానికి కూడా అవసరం.

దువ్వేది బాల్కనీలోనో స్నానాల గదిలోనో పెట్టుకోండి, స్నానానికి ముందు ఒకసారి, ఒళ్లు పూర్తిగా ఆరాక ఒకసారి. నీళ్లు పోయే చోట సన్న రంధ్రాల స్టీలు జాలీ పెట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది. దువ్వేటప్పుడు చెవుల వెనుక, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో పిడుదులు ఉన్నాయేమో కూడా వేలితో తడిమి చూడండి. ఒకే చోట గుండ్రంగా బొచ్చు ఊడిపోయినా, చర్మం ఎర్రబడినా, పొట్టు రాలినా అది బ్రష్‌తో తీరే సమస్య కాదు, పశువైద్యునికి చూపించాలి.

మియాపూర్_ఇల్లాలు:

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఒక సందేహం. ఎండాకాలం వచ్చేముందు గుండు చేయించేస్తే బొచ్చు గొడవే ఉండదని మా బంధువులు అంటున్నారు. అది సరైనదేనా?

పశువైద్యం_చదివినవాడు:

లాబ్రడార్‌కు వద్దు. రెండు పొరల బొచ్చు చలికే కాదు, ఎండకూ అడ్డుగా నిలుస్తుంది. గొరిగితే చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. పైపెచ్చు కొన్ని కుక్కల్లో బొచ్చు మునుపటిలా సమంగా తిరిగి రాదు. రాలడం కూడా ఆగదు, పొట్టి ముక్కలుగా రాలుతుంది. ఆ ముక్కలు సోఫా గుడ్డలో గుచ్చుకుని పొడుగు వెంట్రుకల కంటే ఎక్కువ విసిగిస్తాయి. కిందిపొరను దువ్వి తీసేస్తే చాలు, ఒంటికి గాలి ఆడుతుంది.

బెజవాడ_మెకానిక్:

నేను ఇంటి సామాన్ల మరమ్మతు చేస్తాను. వ్యాక్యూమ్ క్లీనర్ల గురించి నాలుగు మాటలు రాయవలసి వస్తోంది, ఎందుకంటే వాట్లు చూసి కొనమనే సలహా విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. వాట్ అన్నది మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతుంది, ఎంత చెత్త లాగుతుందో చెప్పదు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరు నుంచి వ్యాక్యూమ్ క్లీనర్లను 1,600 వాట్లకు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లకు పరిమితం చేసింది. తివాచీలు మనకంటే ఎక్కువగా పరుచుకునే ఆ దేశాల్లో 900 వాట్ల లోపు యంత్రాలతో పని జరుగుతున్నప్పుడు, మన టైల్స్ ఇంటికి 2,000 వాట్లు ఎందుకు?

బొచ్చుకు చూడవలసింది మూతి. గొట్టం చివర తనంతట తాను తిరిగే చిన్న బ్రష్ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. గాలి తోపుకు తిరిగే రకం చవకది కానీ, సోఫాకు కాస్త గట్టిగా అదిమితే ఆగిపోతుంది. సొంత మోటారు ఉన్న బ్రష్ ఆగదు. అడుగున ఊరికే ఒక చీలిక ఉన్న మూతి ఎంత గట్టిగా పీల్చినా గుడ్డ మీది బొచ్చును పైపైనే తీస్తుంది. టైల్స్ మీదనైతే ఇది తలకిందులవుతుంది. అక్కడ బిరుసు బ్రష్ తిరిగితే బొచ్చును పీల్చే లోపే పక్కకు విసిరేస్తుంది కాబట్టి తిరగని మూతిగానీ, మెత్తటి గుడ్డ రోలర్‌గానీ మేలు.

నా దగ్గరికి మరమ్మతుకు వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు ఒకటే. బ్రష్ రోలర్ చివర్లలో, బేరింగుల దగ్గర వెంట్రుకలు చుట్టుకుని గట్టిపడి, రోలర్ బిగుసుకుపోయి, బెల్టు కాలిపోతుంది. రోలర్‌ను స్క్రూడ్రైవర్ అవసరం లేకుండా చేత్తో ఊడదీయగలమా అని కొట్లోనే అడిగి చూపించుకోండి. వారానికోసారి ఊడదీసి, రోలర్ పొడవునా ఉండే గాడిలో కత్తెర మొన పెట్టి చుట్టుకున్న వెంట్రుకలను నిలువుగా కత్తిరించి లాగేస్తే ఏళ్ల తరబడి పని చేస్తుంది. కడిగిన ఫిల్టర్‌ను పూర్తిగా ఆరనిచ్చాకే బిగించాలి. వానాకాలంలో దానికి ఒక రోజు సరిపోదు, తడిగా బిగిస్తే కుక్క వాసన ఇల్లంతా చుడుతుంది. ఇంకొక మాట, వాసన పోవాలని వ్యాక్యూమ్ సంచిలో కలరా ఉండలు వేసేవారున్నారు. ఆ నాఫ్తలీన్ కుక్కలకూ పిల్లులకూ విషం, దయచేసి వేయకండి.

నేల మీద తనంతట తాను తిరిగే రోబోల గురించి కూడా అడుగుతుంటారు. మంచాల కింద రోజూ తిరగడానికి అవి మంచివే. కానీ చాలా రోబోలు సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటలేవు, మన గడపలు అంతకంటే ఎత్తు. సోఫా ఎలాగూ ఎక్కలేవు. ఇల్లు ఇంకా తడిపే వయసు కుక్కపిల్ల ఉంటే రోబో ఆలోచనే వద్దు, పడిన దాన్ని ఇల్లంతా పూస్తుంది. మీ ఇంటికి అది లేకపోయినా నష్టం లేదు.

గోదావరి_గట్టు:

ఇన్ని యంత్రాలు అవసరమా అన్నది నా ప్రశ్న. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లె, నాపరాళ్ల నేల, చెక్క కుర్చీలు, నవారు మంచాలు. కుక్కలు ఎప్పుడూ ఇంట్లో ఉన్నాయి. పొద్దున చీపురు, తరువాత తడిగుడ్డ, అంతే. బొచ్చు సమస్య అనేది గుడ్డ సోఫాలు, తివాచీలు తెచ్చుకున్న తరువాత వచ్చింది. ముందు ఆ తివాచీని చుట్టి అటక మీద పెట్టించండి, సగం బాధ తీరుతుంది.

బెజవాడ_మెకానిక్:

మీ మాటలో నిజం ఉంది. తివాచీ తీసేయడం ఖర్చు లేని పరిష్కారం, నేనూ అదే చెబుతాను. సోఫాకు కూడా ఉతుక్కునే నూలు గలేబు కప్పితే పని ఇంకా తగ్గుతుంది. కానీ పొడి చీపురుతో ఊడ్చే పద్ధతి ఉబ్బసం ఉన్న ఇంటికి పనికిరాదని నా అభిప్రాయం. ఆ సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

ఇన్‌హేలర్_నేస్తం:

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం, ఇంట్లో పిల్లి ఉంది, కాబట్టి ఈ భాగం నేను రాస్తాను. ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. అలర్జీ కలిగించేది వెంట్రుక కాదు, దానికి అంటుకుని ఉండే ప్రోటీన్లు. పిల్లుల్లో ప్రధానమైనదాన్ని ఫెల్ డి 1 అని, కుక్కల్లో ప్రధానమైనదాన్ని కాన్ ఎఫ్ 1 అని పిలుస్తారు. ఇవి ఉమ్మిలో, చర్మంలో పుట్టి, చర్మపు పొట్టుతో పాటు గాలిలో తేలుతాయి. కంటికి బొచ్చు కనబడని గదిలో కూడా ఇవి ఉండవచ్చు, పిల్లిని ఇంట్లోంచి పంపేశాక కూడా నెలల తరబడి మిగిలి ఉంటాయి. అందువల్ల బొచ్చు తీసే సాధనం ఎంచుకునేటప్పుడు, అది దుమ్మును లేపుతుందా అణుస్తుందా అన్నది మీ అత్తగారి విషయంలో మొదట చూడవలసిన లక్షణం.

పొడి చీపురు లేపుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా ఊడిస్తే మరీ లేపుతుంది. నేలకు పొడి మైక్రోఫైబర్ గుడ్డ బిగించిన వెడల్పాటి మాప్ తీసుకోండి, అది బొచ్చునూ దుమ్మునూ పట్టి ఉంచుతుంది. ముందు పొడి మాప్, తరువాతే తడి మాప్, ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే తడిసిన బొచ్చు నేలకు అతుక్కుని మూలల్లో గీతలుగా ఎండిపోతుంది. వ్యాక్యూమ్ కొంటే హెపా ఫిల్టర్ ఉన్నదే కొనండి. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపేదాన్ని ఆ పేరుతో పిలుస్తారు. అయితే యంత్రం సందుల్లోంచి గాలి కారిపోతుంటే ఎంత మంచి ఫిల్టరైనా వృథా, కాబట్టి మూత బిగుతుగా పడుతోందా, వెనుక నుంచి దుమ్ము వాసన వస్తోందా అని చూడాలి. ఉబ్బసం ఉన్న ఇంటికి నా ఓటు సంచి ఉండే రకానికే. డబ్బా రకంలో ఖాళీ చేసేటప్పుడు దుమ్మంతా ముఖాన లేస్తుంది. ఎవరు ఖాళీ చేసినా అత్తగారు ఆ సమయంలో వేరే గదిలో ఉండాలి, దువ్వే పని కూడా ఆవిడకు అప్పగించవద్దు.

ఆవిడ పడకగదిలోకి కుక్కను రానివ్వకండి. ఏ పనిముట్టుకంటే కూడా ఇది ఎక్కువ మేలు చేస్తుంది, కష్టమైనా పాటించండి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. పిల్లులున్న సభ్యులకు ఒక మాట, తడి మాప్ నీళ్లలో ఫినాయిల్ పోయవద్దు. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను సరిగా విరిచి బయటకు పంపలేదు, నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు ప్రమాదం.

డాలస్_తెలుగు:

మా ఇల్లంతా గోడ నుంచి గోడకు అతికించిన కార్పెట్, తీసి అటక మీద పెట్టే వీలు లేదు. వైపర్ సలహా ఇక్కడా అక్షరాలా పని చేస్తుంది. కార్పెట్ రేక్ పేరుతో అమ్మేది కూడా దాదాపు అలాంటి సాధనమే. ముందు దానితో గీరి, తరువాత వ్యాక్యూమ్ పట్టాలి. ముందు గీరకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా లోపలి బొచ్చును వదిలేస్తుంది.

బట్టల సంగతి ఎవరూ రాయలేదు. డ్రయర్ ఉన్నవారు ఉతకడానికి ముందే పొడి బట్టలను వేడి లేకుండా పది నిమిషాలు అందులో తిప్పండి. బొచ్చు చాలావరకు జాలీలో చేరుతుంది, తీసి పారేసి అప్పుడు ఉతకండి.

రెండు_పిల్లుల_ఇల్లు:

మన దగ్గర డ్రయర్ ఉన్న ఇళ్లు తక్కువ. దుప్పటిని బాల్కనీలో గట్టిగా దులిపి, రబ్బరు తొడుగుతో ఒకసారి లాగి అప్పుడు మెషీన్‌లో వేయండి. పైనుంచి బట్టలు వేసే మెషీన్ అయితే లోపలి జాలీ సంచిని ప్రతి ఉతుకు తరువాత తిరగేసి కడగాలి. ముందు తలుపు మెషీన్ అయితే కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని వెనుక పంపు ఫిల్టర్‌లో బొచ్చు పేరుకుంటుంది. నెలకోసారి కింద పళ్లెం పెట్టి తీసి శుభ్రం చేయండి. కుక్క పడుకునే గుడ్డలను ఇంట్లోవారి బట్టలతో కలపకండి.

బెజవాడ_మెకానిక్:

కారు సీటు మిగిలిపోయింది. సిగరెట్ లైటర్ సాకెట్టుకు తగిలించే చిన్న వ్యాక్యూమ్ కొనవద్దు. 12 వోల్టుల సాకెట్టు 10 నుంచి 15 ఆంపియర్లకు మించి ఇవ్వదు, అంటే 120 నుంచి 180 వాట్లు. వాట్లు పీల్చే శక్తి కాదని పైన నేనే రాశాను, కానీ ఇంత తక్కువలో తిరిగే బ్రష్‌కూ పీల్చడానికీ రెండింటికీ మోటారు చాలదు. కారు సీటు గుడ్డ, అడుగు పట్టా బొచ్చును మరీ గట్టిగా పట్టుకుంటాయి. గుండ్రంగా, పొట్టి పళ్లున్న రబ్బరు బ్రష్‌తో చిన్న చిన్న గీతలుగా లాగి ఒక చోటికి చేర్చి చేత్తో ఎత్తేయండి. కుక్కను ఎక్కించే ముందు సీటు మీద మందపాటి గుడ్డ పరిస్తే అసలు ఈ శ్రమే ఉండదు.

మియాపూర్_ఇల్లాలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఇంట్లో మాట్లాడుకుని ఇలా అనుకున్నాం. ఈ వారమే రబ్బరు బ్రష్, డీషెడ్డింగ్ టూల్, రబ్బరు తొడుగులు, కొత్త వైపర్, మైక్రోఫైబర్ మాప్ తెస్తాం. తివాచీ అటక ఎక్కుతుంది, అత్తగారి గది తలుపు కుక్కకు మూసి ఉంటుంది. వీటితో ఒక నెల గడిపి, అప్పటికీ సోఫాకు, పరుపులకు యంత్రం అవసరమనిపిస్తే, మిగిలిన డబ్బుతో తిరిగే చిన్న మూతి, హెపా ఫిల్టర్, సంచి ఉన్న వ్యాక్యూమ్ చూస్తాం, వాట్లు అడగం. చివరిగా ఒక ప్రశ్న. పట్టుచీరలకు బొచ్చు అంటితే ఏం చేయాలి? తడి రబ్బరు తగిలించడానికి భయంగా ఉంది.

రెండు_పిల్లుల_ఇల్లు:

భయం సబబే. పట్టుకు తడి వద్దు, నీటి మరక నిలిచిపోతుంది. జిగురు రోలర్ కూడా జరీ మీద వాడకండి, జరీ పోగు లేచి వస్తుంది. మఖమల్ గుడ్డ ఉన్న బట్టల బ్రష్‌తో, పొడిగా, నేత పోయే దిశలోనే పైనుంచి కిందికి తేలికగా తుడవండి. జరీ అంచు దగ్గర బ్రష్ కూడా వద్దు, వెంట్రుకలను వేళ్లతో ఒక్కొక్కటిగా తీయండి. బీరువాలో పెట్టేటప్పుడు ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి, కట్టుకునే రోజు సోఫా మీద కూర్చోవలసి వస్తే ముందు దాని మీద శుభ్రమైన దుప్పటి పరచండి.